బాలశిక్షలో నరకం

1690 జనవరి. బోస్టన్ పట్టణంలో మశూచి తిరుగుతోంది. తొమ్మిదేళ్ల కుర్రాడొకడు దానికి బలయ్యాడు. శామ్యూల్ స్యూవల్ అనే పెద్దమనిషి పదకొండేళ్ల తన కొడుకు శామ్‌కి ఆ సంగతి చెప్పి, చావుకి నువ్వూ సిద్ధపడి ఉండాలని హితబోధ చేశాడు. పిల్లవాడు యాపిల్ పండు తింటూ విన్నాడు. పట్టించుకున్నట్టు కనబడలేదు. పరలోక ప్రార్థన చెప్పే వేళకు మాత్రం ఉన్నట్టుండి భోరుమన్నాడు. చచ్చిపోతానేమోనని భయంగా ఉందన్నాడు. తండ్రి పక్కన కూర్చుని ప్రార్థించి, ధైర్యం చెప్పే వాక్యాలు చదివి వినిపించాడు. ఆరేళ్ల తర్వాత, 1696 జనవరిలో, అదే ఇంట్లో పద్నాలుగేళ్ల బెట్టీ భోజనమైన కాసేపటికి ఏడుపు లంకించుకుంది. ఆమెను చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చారు. తన పాపాలకు క్షమాపణ దొరకలేదని, నరకానికి పోతానని ఆ పిల్ల భయం. అది మొదలైంది కొద్ది రోజుల కిందట తండ్రే చదివి వినిపించిన ఒక ప్రసంగంతో.

ఈ రెండు సంగతులూ స్యూవల్ తన డైరీలో తానే రాసుకున్నాడు. 1692లో సేలం మంత్రగత్తెల విచారణలో తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఆయనొకడు. 1697లో నిండు సంఘంలో లేచి నిలబడి, ఆ నేరంలో తన వంతు నింద తనదేనని ఒప్పుకున్నవాడూ ఆయనే. అంతటి మనస్సాక్షి ఉన్న మనిషి కన్నబిడ్డలకు నరకభయం ఎందుకు పెట్టాడు? కరకుదనం అనే జవాబు ఇక్కడ చాలదు. క్రైస్తవ చరిత్రలో పిల్లలకు నరకాన్ని చూపించినవాళ్లలో చాలామంది ఆ పిల్లల్ని ప్రాణంగా ప్రేమించినవాళ్లే. అయితే రెండు వేల ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. నరకభయం బయటివాళ్లను లోపలికి రప్పించడానికి పనికొచ్చిన దానికంటే, లోపల పుట్టినవాళ్లను బయటికి పోకుండా ఆపడానికే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

మొదటి శతాబ్దాల్లో సంఘంలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా పెద్దలు. యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు మీద యేసు చెప్పిన హెచ్చరికలైనా, ధనవంతుడూ లాజరూ కథైనా, గొర్రెలూ మేకలూ వేరుపడే తీర్పైనా వింటున్నది మీసాలొచ్చినవాళ్లు. అందులోనూ సుఖంగా బతుకుతూ గుమ్మంలోని బీదవాణ్ణి పట్టించుకోనివాళ్లు. ఆ మంట గురి ధనవంతుడి మీద ఉండేది, పసివాడి మీద కాదు. రెండో శతాబ్దంలో వచ్చిన పేతురు ప్రకటన అనే గ్రంథం మాత్రం నరకాన్ని వీధివీధీ తిప్పి చూపించింది, ఏ పాపానికి ఏ శిక్షో చెబుతూ. అది బైబిల్లో చేరలేదు గాని ఆ తరహా యాత్రాకథలు వెయ్యేళ్లపైన నడిచాయి. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ శిక్షలన్నీ శుద్ధి చేయడానికేనని, చివరికి సృష్టి అంతా దేవుణ్ణి చేరుకుంటుందని ఆశపడ్డాడు. ఆ ఆశను తర్వాతి శతాబ్దాల్లో సంఘం తప్పుబట్టింది.

పిల్లలు ఈ లెక్కలోకి గట్టిగా వచ్చింది అగస్టీనుతో. అప్పటికి క్రైస్తవం రోమా సామ్రాజ్యపు మతం. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. జన్మపాపాన్ని ఒప్పుకోని పెలేజియన్లతో వాదిస్తూ, జ్ఞానస్నానం పొందకుండా పోయిన పసికందులు కూడా శిక్షలోకే పోతారని ఆయన తేల్చాడు. అందరికంటే తేలికైన శిక్ష అని ఒక్క సడలింపు ఇచ్చాడు. విచిత్రమేమంటే, బడిలో దెబ్బలు పడకూడదని చిన్నప్పుడు తాను దేవుణ్ణి ఎంతగా వేడుకున్నాడో, ఆ భయాన్ని చూసి పెద్దవాళ్లు ఎలా నవ్వారో తన ఆత్మకథలో నొచ్చుకుంటూ రాసుకున్నదీ ఈయనే. పిల్లవాడి భయం ఎంత నిజమైనదో అంత బాగా తెలిసిన పెద్దమనిషి ఆ కాలంలో మరొకడు లేడేమో.

మధ్యయుగపు పండితులకు ఈ తీర్పు మింగుడు పడలేదు. బాధ లేని, దైవదర్శనమూ లేని లింబో అనే చోటొకటి ఊహించి పసికందుల్ని అక్కడ ఉంచారు. పండితులకు అది ఊరట. తల్లులకు కాదు. ఐర్లండులో జ్ఞానస్నానం కాకుండా పోయిన బిడ్డల్ని సమాధుల తోటలోకి రానివ్వకపోవడంతో, పొలం గట్ల దగ్గరో పాడుబడిన గుడి పక్కనో పాతిపెట్టేవారు. ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఆ ఆచారం సాగింది.

బతికిన పిల్లలకు నరకం కంటికి కనబడింది. అక్షరం రానివాళ్లకు గుడి గోడే పుస్తకం. ఫ్రాన్సులో ఓతన్ గుడి ద్వారం మీద పన్నెండో శతాబ్దపు శిల్పి ఆత్మల్ని తూచే త్రాసును లాగుతున్న దయ్యాల్ని చెక్కాడు. ఇంగ్లండులో చాల్డన్ అనే చిన్న ఊరి గుడిలో 1200 ప్రాంతాన వేసిన బొమ్మలో దయ్యాలు మనుషుల్ని కొప్పెరలో ఉడకబెడుతున్నాయి. పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి కవి విల్లాన్, చదువురాని తన తల్లి ఊరి గుడిలో చూసిన స్వర్గనరకాల బొమ్మల గురించి కవిత కట్టాడు. ఆదివారం ఆ గోడకెదురుగా గంటసేపు నిలబడ్డ పిల్లలకు వేరే పాఠం అక్కర్లేకపోయింది. 1215లో నాలుగో లాటెరన్ మహాసభ, వివేకం వచ్చిన వయసు నుంచి ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేయాలని శాసించడంతో తన పాపాలు తానే లెక్కపెట్టుకునే అలవాటూ మొదలైంది. అయినా ఆ లోకంలో ఒక వెసులుబాటు ఉండేది. స్వర్గానికీ నరకానికీ నడుమ ఉత్తరించు స్థలం ఉంది. పోయినవాళ్ల కోసం ప్రార్థించవచ్చు, పూజ పెట్టించవచ్చు. మామూలు మనిషి మామూలు పాపాలకు అక్కడ చోటు దొరికేది.

మత సంస్కరణ ఆ నడిమి గదిని పడగొట్టింది. లేఖనంలో ఆధారం లేదని, దాని పేరుతో డబ్బు గుంజుతున్నారని లూథర్ పక్షం చెప్పినదాంట్లో న్యాయం ఉంది. కానీ ఆ గది పోయాక మిగిలినవి రెండే తలుపులు. చనిపోయిన బిడ్డ కోసం చేయగలిగింది ఇక ఏమీ లేదు. చేసేదేదైనా బిడ్డ బతికుండగానే చేయాలి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరు పదేళ్లు నిండకముందే పోయేవారు. రెండు తలుపుల నమ్మకాన్నీ ఈ లెక్కనూ పక్కపక్కన పెడితే స్యూవల్ కంగారు అర్థమవుతుంది.

ఇక్కడే 1662 అనే సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. నమ్మకం కోసం సముద్రం దాటి వచ్చిన ప్యూరిటన్ల పిల్లలు అప్పటికి పెద్దవాళ్లై, వాళ్లకూ పిల్లలు పుట్టారు. తల్లిదండ్రులకు కలిగిన మారుమనస్సు అనుభవం వీళ్లలో చాలామందికి కలగలేదు. కలిగిందని సంఘం ముందు సాక్ష్యం చెప్పలేకపోయారు. మరి వీళ్ల బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వాలా, వద్దా? ఆ ఏడాది బోస్టన్‌లో కూడిన సభ సగం సభ్యత్వంలాంటి ఒక రాజీ ఏర్పాటు చేసింది. అదే ఏడాది మైకేల్ విగిల్స్‌వర్త్ అనే పాస్టరు అంతిమతీర్పు మీద రాసిన 224 చరణాల పద్యం అచ్చయింది. మొదటి ముద్రణలో 1800 ప్రతులు ఏడాదికే చెల్లిపోయాయంటారు, ఆ చిన్న వలసలో అది పెద్ద సంఖ్య. అందులో పసికందులు దేవుడితో వాదిస్తారు, ఆదాము తిన్న పండుకి మాకెందుకు శిక్ష అని. దేవుడు వాళ్ల మాట విని, నరకంలోనే బాధ తక్కువున్న గది ఇస్తాడు. అగస్టీను ఇచ్చిన సడలింపే మళ్లీ. ఈ పద్యాన్ని పిల్లలు కంఠస్థం చేసేవారు.

మన పెద్దబాలశిక్షలాంటి న్యూ ఇంగ్లండ్ ప్రైమర్ 1690 ప్రాంతాన వచ్చింది. మొదటి అక్షరానికి పాఠం ఆదాము పతనం, ఆ తర్వాత చావు మీద పాఠాలు. అంతకు ముందే 1671లో లండన్‌లో జేమ్స్ జేన్‌వే అనే పాస్టరు, భక్తితో ఆనందంగా చనిపోయిన పిల్లల కథలు సంపుటంగా వేశాడు. ఈ పుస్తకాన్ని మెచ్చి, వలసలోని పిల్లల కథలతో అమెరికన్ అనుబంధం రాసినవాడు కాటన్ మాదర్. ఈయన డైరీలోనూ ఒక దృశ్యం ఉంది. చిట్టి కూతురు కేటీని తన చదువుగదిలోకి పిలిచి, నేను త్వరలో చనిపోతాను, నేను పోయాక నా మాటలన్నీ గుర్తుంచుకోవాలి అని చెప్పి, ఆమె స్వభావంలోని పాపాన్ని వివరించి, రోజూ ఏకాంతంలో ప్రార్థించమన్నాడు. కేటీయే ముందు పోయింది. మాదర్‌కు పుట్టిన పదిహేను మందిలో తండ్రి తర్వాత మిగిలింది ఇద్దరే.

1735లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో నాలుగేళ్ల ఫీబీ బార్ట్‌లెట్ చిన్న గదిలోకి పోయి ఏడుస్తూ ప్రార్థించి, నరకానికి పోతానని భయమేస్తోందని తల్లితో అంది. కాసేపటికి ఏడుపు ఆపి, పరలోకరాజ్యం నా దగ్గరికి వస్తోందంది. అప్పటి నుంచి మిగతా పిల్లల ఆత్మల కోసం ఆరాటపడింది. ఊరి పాస్టరు జొనాథన్ ఎడ్వర్డ్స్ 1737లో ఈ సంగతిని అచ్చులో పెట్టేసరికి అట్లాంటిక్‌కు రెండు వైపులా చదివారు. 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్‌లో ఆయన చేసిన ప్రసంగం, కోపించిన దేవుడి చేతిలో పాపుల గురించిన ఆ ప్రసంగం, ఇప్పటికీ అమెరికా బడిపిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది. పిల్లల్ని భయపెడుతున్నారన్న విమర్శకు ఎడ్వర్డ్స్ జవాబు సూటిగా ఉండేది: పాపమూ నరకమూ నిజమైతే, పిల్లలకు చెప్పకపోవడమే క్రూరత్వం. మొదటి మాట ఒప్పుకుంటే రెండోది కాదనడం కష్టం. అందుకే తర్వాతి తరాల వాదమంతా మొదటి మాట మీదికే మళ్లింది.

1847లో హోరేస్ బుష్నెల్ అనే పాస్టరు దీన్ని పక్క నుంచి కదిపాడు. పిల్లవాడు మొదట పాపిగా పెరిగి, తర్వాత భయపడి మారాలని ఎందుకనుకోవాలి, ఇంటి వాతావరణంలోనే క్రైస్తవుడిగా పెరగవచ్చు కదా అన్నాడు. ఈ రోజు చాలా సంఘాల సండే స్కూల్ పాఠాల వెనక ఉన్నది బుష్నెల్ ఆలోచనే. అదే ఏడాది షార్లెట్ బ్రాంటీ నవల జేన్ ఐర్ వచ్చింది. నరకానికి పోకుండా ఏం చేయాలని పాఠశాల యజమాని అడిగితే, ఆరోగ్యం బాగా చూసుకుని చావకుండా ఉండాలని చిన్న జేన్ జవాబిస్తుంది. రెండు శతాబ్దాల బాలశిక్షకు అంత మంచి సమాధానం ఏ పండితుడూ ఇవ్వలేదు.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో పెద్దల నరకం చల్లారడం మొదలైంది. నిత్యశిక్షను ప్రశ్నించాడని 1853లో ఎఫ్. డి. మారిస్‌ను లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యపదవి నుంచి తీసేశారు. పదకొండేళ్లకే, 1864లో, ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో ఆంగ్లికన్ ఫాదరు నిత్యనరకాన్ని నమ్మి తీరాలన్న పట్టు సడలిపోయింది. 1877లో ఫరార్ అనే ఆంగ్లికన్ బోధకుడు వెస్ట్‌మినిస్టర్ అబ్బే వేదిక మీదే దాన్ని ఖండించాడు. డార్విన్ తన ఆత్మకథలో, అవిశ్వాసులైన తండ్రీ అన్నా స్నేహితులూ నిత్యశిక్షకు పోతారన్న సిద్ధాంతం గురించి చాలా ఘాటుగా రాశాడు. ఆయన భార్య ఎమ్మా కోరికపై 1887 ప్రతిలో ఆ వాక్యాలు తీసేశారు. మనవరాలు నోరా బార్లో 1958లో మళ్లీ చేర్చింది.

సరిగ్గా ఈ దశాబ్దాల్లోనే రిడెంప్టరిస్టు అనే కతోలిక సభకు చెందిన ఫాదర్ జాన్ ఫర్నిస్, పిల్లల కోసమే ప్రత్యేకించి ధ్యానకూటాలు పెట్టి, పిల్లల కోసమే చిన్న పుస్తకాలు వేశాడు. నరకదర్శనం మీద రాసిన పుస్తకం అందులో పేరుమోసింది. డబ్లిన్‌లో పెద్దల అనుమతి ముద్రతోనే అచ్చయింది. అందులో నరకం చెరసాలలుగా ఉంటుంది. ఒక చెరలో ఎర్రగా కాలిన నేల మీద వట్టికాళ్లతో నిలబడ్డ పదహారేళ్ల అమ్మాయి. ఇంకో చెరలో మండే పొయ్యిలో మెలికలు తిరుగుతున్న పసివాడు. ఆ పసివాడి పక్కన ఫర్నిస్ ఒక వివరణ చేర్చాడు: వీడు పెరిగితే ఇంకా చెడిపోయేవాడు, ఇంకా ఎక్కువ శిక్ష పడేది, అందుకే దేవుడు దయతో చిన్నప్పుడే తీసుకుపోయాడు. నాకు పొయ్యి కంటే ఆ దయే ఎక్కువ భయం పుట్టిస్తుంది. చరిత్రకారుడు లెకీ 1869లో ఈ పుస్తకాన్ని ఎత్తిచూపి ఏవగించుకున్నాడు. పెద్దలు తమకోసం పక్కన పెట్టేసిన నరకం పిల్లల చేతికి పుస్తకంగా అందిందన్నమాట. విశ్వవిద్యాలయంలో పోయినది వేదిక మీద కొన్నాళ్లు నిలిచింది, వేదిక మీద పోయినది పిల్లల పాఠంలో ఇంకొన్నాళ్లు.

కతోలిక పాఠశాలల్లో దీనికి పాత పునాదే ఉంది. ఇగ్నేషియస్ లొయోలా ధ్యానసాధనల్లో మొదటి వారం నరకాన్ని ఐదు ఇంద్రియాలతో ఊహించే అభ్యాసం ఉంది. ఆయన దాన్ని ఏరి తీసుకున్న పెద్దల కోసం, ఒక గురువు పర్యవేక్షణలో చేయడానికి రాశాడు. అదే అభ్యాసం బడిపిల్లల వార్షిక ధ్యానకూటానికి దిగివచ్చాక ఏమవుతుందో జేమ్స్ జాయిస్ 1916 నాటి నవలలో చూపించాడు. పదహారేళ్ల స్టీఫెన్ ఆ ప్రసంగాలు విని వణికి, పాపసంకీర్తనం చేసి, కొన్నాళ్లు కఠోరభక్తిలో మునిగి, చివరికి విశ్వాసమే వదిలేస్తాడు. 1927లో బర్ట్రండ్ రస్సెల్ తాను క్రైస్తవుణ్ణి ఎందుకు కాదో చెప్పిన ఉపన్యాసంలో భయమే మతానికి మూలమన్నాడు. అంత అడ్డంగా కొట్టిపారేయడం చరిత్రకు ఒప్పదు. ఫీబీలాగా భయం మీదుగా శాంతికి చేరామని చెప్పినవాళ్లు లెక్కలేనంత మంది. కాకపోతే వాళ్ల గురించి రాసింది ఎక్కువగా పాస్టర్లు, స్టీఫెన్ల గురించి రాసింది స్టీఫెన్లే.

క్రైస్తవం కొత్త నేలలకు పోయినచోట నరకం ఎదురుదెబ్బ కొట్టింది. 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఫ్రాన్సిస్ జేవియర్ జపాను విశ్వాసుల దుఃఖాన్ని వర్ణించాడు. మా తల్లిదండ్రులు, తాతలు నరకంలో ఉన్నారా, మేం దానం చేస్తే, ప్రార్థిస్తే బయటికి రారా అని వాళ్లు అడిగారు. రారని ఆయన చెప్పాడు. వాళ్లు ఏడుస్తుంటే ఆయనకీ ఏడుపొచ్చిందట. అయినా ఈ దుఃఖం వాళ్లు తమ రక్షణ చూసుకోవడానికి పనికొస్తుందని ఆశించాడు. మూడు శతాబ్దాల తర్వాత నాటాల్‌లో జూలూల మధ్య పనిచేసిన బిషప్ కొలెన్సో ఆ మాట చెప్పలేకపోయాడు. 1861లో రోమా పత్రిక మీద రాసిన వ్యాఖ్యానంలో నిత్యశిక్షను కాదన్నాడు. రెండేళ్లకు సంఘం ఆయన్ని మతద్రోహిగా విచారించింది.

తెలుగునాట సంగతి కొంచెం వేరు. ధాతు కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2222 మందికి బాప్తిస్మం జరిగింది. అలా వచ్చింది ఒంటరి మనుషులు కాదు, బంధువర్గాలు, పల్లెలకు పల్లెలు. అంటరానితనం అనే ప్రత్యక్ష నరకం నుంచి నడిచి వచ్చినవాళ్లకు చావు తర్వాతి నరకం గురించి బెదిరింపు అంతగా అవసరమై ఉండదని నా అంచనా. బడి, గౌరవం, తమనీ మనిషిగా చూసే దేవుడు, ఇవి పెద్ద ఆకర్షణలు. యముడూ చిత్రగుప్తుడూ సలసలకాగే నూనె మూకుళ్లూ పల్లెకు కొత్త కూడా కాదు. మన దగ్గర కూడా నరకం బలంగా వినబడింది విశ్వాసుల ఇళ్లలో పుట్టిన పిల్లలకు, ఉజ్జీవ కూటాల్లో.

ఇరవయ్యో శతాబ్దంలో కతోలిక సంఘంలో రెండు ప్రవాహాలు ఎదురెదురుగా నడిచాయి. 1910లో పదో పయస్ తొలి సత్ప్రసాదం వయసును ఏడేళ్ల దగ్గరికి దించాడు. పిల్లల మీద ప్రేమతో చేసిన పనే. దాంతో పాటు పాపసంకీర్తనం కూడా ఏడేళ్లకు దిగి, చావైన పాపం అంటే ఏమిటో రెండో తరగతి పిల్లలు నేర్చుకోవలసి వచ్చింది. 1917 జూలైలో ఫాతిమాలో ముగ్గురు పశువుల కాపరి పిల్లలకు మరియమాత నరకాన్ని చూపించిందని వాళ్లలో పెద్దదైన లూసియా తర్వాత రాసింది. వాళ్ల వయసులు పది, తొమ్మిది, ఏడు. నరకాగ్ని నుంచి కాపాడమనే ఫాతిమా ప్రార్థన ఇప్పుడు తెలుగు కతోలిక ఇళ్లలోనూ జపమాలలో ప్రతి పదికీ చివర వినబడుతుంది. మరోపక్క రెండో వాటికన్ మహాసభ తర్వాత సత్యోపదేశం స్వరం మారింది. 1999 జూలైలో రెండో జాన్ పాల్, నరకం ఒక చోటు అనేకంటే దేవుణ్ణి తానుగా కాదనుకున్నవాడి స్థితి అన్నాడు. 2007లో వాటికన్ పండితుల బృందం, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసికందులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని ప్రకటించింది. అగస్టీను నుంచి దాదాపు పదహారు వందల ఏళ్లు.

అమెరికా ఎవాంజెలికల్ లోకంలో నరకం బొమ్మలోకీ తెరమీదకీ ఎక్కింది. 1866లో ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ మూడు రంగులతో చెప్పిన అక్షరాలు లేని పుస్తకానికి తర్వాత బంగారు, ఆకుపచ్చ రంగులు చేరి, సెలవుల బైబిలు బడుల్లో ప్రపంచమంతా తిరిగింది. పాపానికి నలుపన్న ఆ రంగు మన నల్లటి పిల్లల చేతుల్లోకీ వచ్చింది, ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. 1972లో వచ్చిన ఒక సినిమా రెండో రాకడలో విడిచిపెట్టబడ్డ అమ్మాయి కథ చెప్పింది. దాన్ని చర్చి హాళ్లలో చూసిన తరం, బడి నుంచి వచ్చి ఇంట్లో ఎవరూ కనబడకపోతే అందరూ ఎత్తబడ్డారు, నేనొక్కణ్ణే మిగిలానని గుండె జారిన రోజుల్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే ఏడాది పాస్టరు జెర్రీ ఫాల్‌వెల్ అనుచరులు లించ్‌బర్గ్‌లో భయానక గృహం మొదలుపెట్టారు. 1990ల నాటికి పాపాన్నీ నరకాన్నీ నటించి చూపే ఇలాంటివి నరక గృహాలు అనే పేరుతో చర్చిచర్చికీ పాకాయి. 2011లో మానసిక చికిత్సకురాలు మార్లీన్ వినెల్, ఇలా పెరిగినవాళ్లలో తాను చూసిన బాధకు ఒక పేరు పెట్టింది. వైద్యుల అధికారిక రోగాల జాబితాలో ఆ పేరు లేదు.

తెలుగు సండే స్కూళ్ల దగ్గరికి వస్తే పరిస్థితి ఒకే రకంగా లేదు. సీఎస్ఐ, లూథరన్, కతోలిక సంఘాలకు పాఠ్యక్రమం ఉంది, దాన్ని సరిచూసే పెద్దలున్నారు. ప్రతి పేటలోనూ వెలిసిన స్వతంత్ర సంఘాలకు అలాంటి పైవాళ్లు లేరు. మే నెలలో వీబీఎస్ అనే సెలవుల బైబిలు బడిలో ఆరేళ్ల పిల్లకు అగ్నిగుండం గురించి చెప్పాలా, చెబితే ఎంత, ఆ రాత్రి నిద్రపట్టకపోతే ఎవరు సర్దిచెప్పాలి అన్నవి అక్కడ తేల్చేది వాటికన్ పండితులో ప్రీవీ కౌన్సిలో కాదు. ఇంటర్ పూర్తిచేసి, జీతం లేకుండా, పాస్టరుగారు అడిగారని పిల్లల్ని కూర్చోబెట్టుకునే పందొమ్మిదేళ్ల టీచరమ్మ. ఆమెకు తెలిసింది ఆమెకు చిన్నప్పుడు చెప్పిందే. ఆమెకు శిక్షణ ఇవ్వడానికి సంఘాలు ఖర్చుపెట్టేది స్పీకర్ల మీద పెట్టేదాంట్లో ఎన్నో వంతో లెక్క వేసుకుంటే, ఈ విషయంలో పెద్దలు ఏమనుకుంటున్నారో తెలుస్తుంది.